రాళ్ల చదువుకు ఎనిమిది మంది

కామారెడ్డి,
18 జూన్ 1979.

శాంతక్కకు తమ్ముడు పర్శరాములు నమస్కారం.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మెస్సులో పప్పు మాత్రం బాగా లేదు. నువ్వూ, గంగారాం బావా, ప్రమీలా కులాసా అని తలుస్తాను. ఈ ఉత్తరం నా మేనకోడలు ప్రమీల నీకు నిదానంగా చదివి వినిపించాలి. మధ్యలో పొయ్యి మీద కూర ఉందని లేచి పోవద్దు.

మూడేళ్ల కింద మా యూనివర్సిటీ పెద్దలు పల్లె పిల్లలు కూడా పెద్ద చదువు చదవాలని ఈ పీజీ సెంటరు పెట్టారు. ఉద్దేశం గొప్పది, బిల్డింగు మాత్రం పాత జిన్నింగు మిల్లు. ఇప్పటికీ ఫ్యాను వేస్తే దూలాల మీంచి దూది రాలుతుంది. ఫిజిక్సు వాళ్లు పత్తి గింజల గోదాములో ఉన్నారు, తెలుగు వాళ్లు తూకం గదిలో ఉన్నారు. నా భూగర్భ శాస్త్రానికి బేళ్లు కట్టే షెడ్డు ఇచ్చారు. పట్నం నుంచి వచ్చే లెక్చరర్లు పొద్దున బస్సు దిగగానే సాయంత్రం బస్సులో సీటు గురించి మాట్లాడుకుంటారు. పుస్తకాలు రెండు బీరువాలు, మైక్రోస్కోపు ఒకటి. రాళ్ల నమూనాలు నేనే సంచుల్లో మోసుకొచ్చాను. కండక్టరు వాటికి లగేజీ టికెట్టు కొట్టి, "సారు, ఊర్ల రాళ్లు లేవా" అని అడిగాడు.

అసలు సంగతి ఇది. నిరుడు మా కోర్సులో నలుగురే చేరారు. ఈసారి జూలై ముప్పై ఒకటి లోపల ఎనిమిది మంది చేరకపోతే డిపార్టుమెంటు ఎత్తేసి పట్నంలో కలిపేస్తామని కాగితం వచ్చింది. నేను టెంపరరీ మనిషిని. డిపార్టుమెంటు పోతే నేనూ పోతాను. నా సంగతి అట్లా ఉంచు, ఇంత కష్టపడి పల్లెల మధ్యకు తెచ్చిన చదువు మూడేళ్లకే మూటకట్టుకుని వెనక్కి పోతే మళ్లీ రాదు. నాకు నిద్ర పట్టడం లేదక్కా.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల నీకు తెలియని ఇల్లు లేదు. సైన్సు డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న పిల్లలు ఎవరున్నారో కనుక్కుని పంపించు. ఏ సైన్సు అయినా సరే, ఈ ఏడాదికి సడలించారు. ఒక్కొక్కరి ఫోటో, పుట్టిన తేదీ, మార్కుల మెమోలు కావాలి. మగపిల్లలనే చూడు. ఇక్కడ ఆడపిల్లలకు హాస్టలు లేదు, ఇంతవరకు ఒక్కరూ చేరలేదు.

బావకు నా నమస్కారం.

నీ తమ్ముడు,
పర్శరాములు

ఎల్లారెడ్డి,
27 జూన్ 1979.

తమ్ముడు పర్శరాములుకు అక్క శాంతవ్వ దీవెనలు.

నీ ఉత్తరం ఇన్నంక నాకు బువ్వ పోలే. నీ కొలువు పోతదని కాదు, నిద్ర పడుతలేదంటివి గద, గదానికి. తలకు ఆముదం పెట్టుకో.

నాలుగు దినాల సంది ఇల్లిల్లు తిరుగుతున్న. రాళ్ల చదువు అంటే ఎవ్వలు ఇననే ఇంటలేరు. "డిగ్రీ చదివిన పోరడు రాళ్లు కొట్టుడేంది శాంతవ్వా" అని నన్నే నవ్వవట్టిరి. గందుకే జెర మార్చి చెప్పిన. మా తమ్ముడు భూమి కింద నీళ్లు ఏడున్నయో కనిపెట్టే చదువు చెప్తడు, పిల్లగాన్ని పంపితే మీ చెల్క కాడికొచ్చి బాయికి జాగ చూపెడ్తడు అన్న. ఇగ సూడు, చాయ్ పోసుడే పోసుడు. హన్మవ్వ పెద్దకొడుకు, ఎంకవ్వ మనుమడు, టైలరు ఘనీ సాబు కొడుకు లతీఫ్, ముగ్గురు ఒప్పుకున్నరు. ఘనీ సాబుకు చెల్క లేదు గాని, ఇంటెనక బోరు ఏయించుకుంటడట.

జాగ చూపెట్టేటందుకు కొబ్బరికాయ నువ్వే తెచ్చుకుంటవా, ఇండ్లోళ్లను తెమ్మనాల్నా? ముందుగాల్నే చెప్పు.

మీ బావ సైకిల్ షాపు మంచిగనే నడుస్తున్నది. మనిషే నడుస్తలేడు, మోకాళ్లు.

నీ అక్క,
శాంతవ్వ

మామా, ఇక్కడి నుంచి నేను రాస్తున్నాను, ప్రమీల. మా అవ్వ చెప్పింది చెప్పినట్టు రాశాను. బావుల సంగతి వద్దంటే వినలేదు. ఆడపిల్లలు చేరకూడదని మీ యూనివర్సిటీలో రూలు ఉందా, లేక హాస్టలు లేకపోవడమేనా? ఊరికే అడుగుతున్నాను.

కామారెడ్డి,
4 జూలై 1979.

శాంతక్కకు,

నీ మేలు మరువలేను, కాని బావుల మాట ఇంకెవరికీ చెప్పకు. నేను లెక్చరర్ని, కాయ పట్టుకుని పొలాల్లో తిరిగేవాణ్ణి కాదు.

మొన్న శనివారం నేను భూమి పొరల గురించి పాఠం చెబుతుంటే హన్మవ్వా, ఆమె పెనిమిటీ కొబ్బరికాయా అగరొత్తులూ పట్టుకుని షెడ్డులోకి వచ్చారు. బోర్డు మీద నేను గీసిన పొరల బొమ్మను చూసి హన్మవ్వ, "గిది మా చెల్కనేనా సారూ" అంది. అదే సమయానికి పట్నం నుంచి మా పెద్ద ప్రొఫెసరు గారు వచ్చి తలుపులో నిలబడ్డారు. ఆయనకు ఏం చెప్పాలో తోచక, స్థానికులకు మన శాఖ మీద ఉన్న గౌరవం ఇది అని చెప్పాను. ఆయన సంతోషించి తానే కాయ కొట్టారు. చిప్పలు పంచుకుని తినేసరికి పట్నం లెక్చరర్ల సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. ఈ మూడేళ్లలో మొదటిసారి వాళ్లు చీకటి పడేదాకా క్యాంపసులో ఉన్నారు.

హన్మవ్వ పొలానికి మాత్రం మర్నాడు ఆదివారం వెళ్లాను. రాయి ఎక్కడ మెత్తబడి ఉందో చూసి చెప్పాను. చెప్పకపోతే కొడుకును పంపనని కూర్చుంది.

ప్రమీలా, నీ ప్రశ్న బాగుంది. రూలు లేదు. వసతి లేదంతే. విషయాన్ని విడదీసి అడగడం చాలామందికి రాదు, మా పిల్లలకు నీ ఉదాహరణ చెప్పాను.

ఇంకా అయిదుగురు కావాలక్కా.

పర్శరాములు

ఎల్లారెడ్డి,
14 జూలై 1979.

తమ్మీ,

ఎనిమిది మంది అయిండ్రు. ఇగ నిమ్మలంగ పండుకో.

దోమకొండల ఇద్దరు దొరికిండ్రు. మీ బావ సుట్టపోళ్ల పిల్లలు ఇద్దరు. జుక్కల్ దిక్కు నుంచి ఒగ పిల్లగాడు, ఆయన ఒక్క మాటలనే తెలుగు, మరాఠీ, కన్నడం మూడు కలిపి మాట్లాడ్తడు. రెండు అర్థమైనా మంచిదే అనుకొని రమ్మన్న.

ఫోటోలకే తల ప్రాణం తోకకొచ్చింది. ఫోటో, పుట్టిన తేది ఇయ్యుండ్రి అంటె తల్లులు "పిల్లది ఏ ఊరు, ఎంత చదివింది" అని అడుగుతున్నరు. దోమకొండామె అయితే ఫోటో ఇచ్చుకుంట "మావోడు జెర నల్లగ వడ్డడు గాని అసలుకు చామనచాయ" అన్నది. నేను కాదనలే. చదువుకు పోయినా పెండ్లికి పోయినా, పిల్లగాడు ఇల్లు కదులుతె సాలు గద మనకు.

ఎంకవ్వ మనుమనికి ఒక్కటే ఫోటో ఉన్నది, పెండ్లిది. పక్కపొంటి పెండ్లాం ఉన్నది. ఆమెను కత్తిరించుకో. కాని ఆ పిల్లకు తెల్వనియ్యకు, మనసు చిన్నగ చేసుకుంటది.

అందరు అడుగుతున్నరు, బాయి జాగల కోసం ఎప్పుడొస్తవని. మెల్లగ ఒక్కొక్కలకు చూపెట్టు. నేను మాట ఇచ్చిన.

శాంతవ్వ

మామా, ఎనిమిది మంది దొరికారని నాకూ సంతోషంగానే ఉంది. ఒక సంగతి అడగాలని. రాళ్లు కొట్టే ఆ సుత్తి ఎంత బరువుంటుంది? ఆడమనిషి చేతికి ఆగుతుందా? — ప్రమీల

కామారెడ్డి,
20 జూలై 1979.

శాంతక్కకు,

నువ్వు యూనివర్సిటీలో ఉండాల్సిన మనిషివి. మా రిజిస్ట్రారు ఆఫీసు మూడేళ్లలో చేయలేని పని మూడు వారాల్లో చేశావు. మా ల్యాబు అసిస్టెంటు సీమోను ఎనిమిది మందికి సరిపోయేలా కొత్త బల్ల చేయించాడు. పాత బల్లకు నలుగురే పట్టేవాళ్లు, నిరుడు అది కూడా పెద్దదిగానే అనిపించేది.

ఎంకవ్వ మనుమడి ఫోటోలో భార్యను కత్తిరించాను. ఆమె చేయి అతని భుజం మీద మిగిలిపోయింది. ఆఫీసులో ఆ చేయి ఎవరిదని అడిగితే సీమోను, "ధైర్యం చెబుతున్నారండి" అన్నాడు.

ఈసారి నుంచి సెమిస్టరు పద్ధతి పెడుతున్నారు. అంటే ఏడాదికి ఒకసారి పడే భయం రెండుసార్లు పడాలి.

ప్రమీలా, సుత్తి రెండు పౌన్లు. ఎవరి చేతికైనా ఆగుతుంది. బావకు సైకిల్ షాపులో కావాలంటే ఒకటి పంపిస్తాను.

పర్శరాములు

ఎల్లారెడ్డి,
25 జూలై 1979.

తమ్మీ,

ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. లతీఫ్‌కు షార్జా వీసా వచ్చింది. ఘనీ సాబు మా గడపల నిలవడి చేతులు పట్టుకున్నడు, "బహెన్, నేను మాట తప్పిన" అని. ఏమంట? పిల్లగాడు నాలుగు పైసలు సంపాదించుకుంటడు. పొమ్మన్న. ఆయన పోయినంక ఏడ్సిన.

ఇప్పుడు ఏడుగురే. ఆరు దినాలే ఉన్నయి. మళ్ల రెండు దినాలు తిరిగిన, ఎవ్వలు దొరుకలే. సైన్సు డిగ్రీ ఉన్నోళ్లు ఈ ఎల్లారెడ్డిల ఇంకెవ్వలు లేరు. ఇగ నా కాళ్లల్ల సత్తువ లేదు బిడ్డా.

శాంతవ్వ

మామా, ఎల్లారెడ్డిలో సైన్సు డిగ్రీ ఉన్నవాళ్లు ఇంకెవ్వరూ లేరని అవ్వ రాయమంది. రాశాను. నెల రోజులుగా మీ ఇద్దరి ఉత్తరాలూ చదువుతూ, రాస్తూ ఉన్నది మాత్రం నిజామాబాదు హాస్టల్లో ఉండి బీఎస్సీ ఫస్టు క్లాసులో పాసైన మనిషి. పాసైన రోజున నువ్వే స్వీటు డబ్బా పంపావు. — ప్రమీల

టెలిగ్రాం
కామారెడ్డి, 27 జూలై

ప్రమీల ఫోటో పుట్టిన తేదీ మెమోలతో అక్కా నువ్వు వెంటనే రా. ముప్పై ఒకటి దాటితే లాభం లేదు. పర్శరాములు.

ఎల్లారెడ్డి,
28 జూలై 1979.

నా తమ్ముడు పర్శరాములుకు,

నీ తార్ వచ్చింది. ప్రమీల ఇంట్ల లేకుండె. పోస్టుమాన్ చౌరస్తల నిలవడి అందరు ఇనంగ చదివిండు. నేను ఆడనే కూలవడ్డ, సంతోషానికి.

ఇన్నేండ్లు కడుపులనే పెట్టుకున్న తమ్మీ. నువ్వు లెక్చరరు అయినంక మా పిల్ల నీ కండ్లకు ఆనుతదో లేదో అని నోరు తెరువలే. సొంత మేనమామవు, నీ అంతట నువ్వే పిల్ల ఫోటో, పుట్టిన తేది అడిగితివి. మీ కాలేజిల ఆడపిల్లలు ఉండరని నువ్వే రాస్తివి గద, మరి పిల్ల ఫోటో ఇంక దేనికి? నాకు తెల్వదా. మీ బావ మోకాళ్ల నొప్పి మరిచి లేచి నిలవడ్డడు. అయ్యగారి కాడికి పోయిన. ముప్పై ఒకటి దాటితే మంచి దినాలు లేవని ఆయన గూడ అన్నడు. నువ్వు ముందుగాల్నే లెక్క చూసుకున్నవు, చదువుకున్నోడివి.

సోమవారం పొద్దుగాల బస్సుకు వస్తున్నం. పసుపు, చీర, లడ్డూలు తెస్తున్న. ఉత్తరం పోస్టుల అందదని కండక్టరుతోటి పంపుతున్న.

శాంతవ్వ

మామా, తార్ దేనికి ఇచ్చావో నాకు చూడగానే తెలిసింది. అవ్వకు చెప్పలేదు. చెబితే నా మెమోలు ఉన్న పెట్టె తాళం తీయదు. హాస్టలు లేదు, చుట్టాలేమంటారు అని కూర్చుంటుంది. ఇప్పుడైతే తాళం తీసి, మెమోలకు పసుపు బొట్టు కూడా పెట్టింది. నాకు అ ఆలు దిద్దించింది నువ్వు, తప్పు రాస్తే చెవి మెలిపెట్టింది నువ్వు, నాకు నువ్వు మామవే. నీకూ అంతేనని నాకు తెలుసు. సోమవారం నేను దరఖాస్తు మీద సంతకం పెట్టేదాకా దయచేసి ఏమీ మాట్లాడకు. తర్వాత తిట్లు ఇద్దరం పంచుకుందాం. — ప్రమీల

కామారెడ్డి,
6 ఆగస్టు 1979.

శాంతక్కకు,

ఈ ఉత్తరం ఎదురింటి తాజుద్దీన్ సేటు చదివి వినిపిస్తాడని అనుకుంటాను. సేటు సాబ్, ఆమె మధ్యలో లేచిపోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టండి.

అక్కా, నువ్వు బువ్వ తినకుండా బస్సెక్కి వెళ్లినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నువ్వు వస్తూనే ప్రిన్సిపాలుకు లడ్డూ పెట్టి "మా అల్లుడు" అని నన్ను చూపించావు. ఆయన నాకు చెయ్యి కలిపి, సెలవు ఎన్ని రోజులు కావాలని అడిగారు. ఫిజిక్సు వాళ్లు గోదాము నుంచి వచ్చి దండ వేశారు. ఆ దండ మెడలో ఉండగానే ప్రమీల దరఖాస్తు మీద నేను సాక్షి సంతకం పెట్టాను. అది చదువు కాగితమని నీకు తెలిసిన క్షణాన నీ ముఖం నేను చూశాను. ఆ ముఖం మరిచిపోవడం నా వల్ల కాదు.

నిన్ను మోసం చేయాలని తార్ ఇవ్వలేదు. మాటలు ఎక్కువైతే డబ్బులు ఎక్కువని పొదుపు చేశాను. దాని ఫలితం ఇది. ప్రమీలను నేను చంకలో ఎత్తుకుని తిప్పాను. పెళ్లి అనే మాట దాని పక్కన నాకు తోచదు. నీ కోరిక తీర్చలేనందుకు నా మీద ఎంత కోపం పెట్టుకున్నా పెట్టుకో, పిల్ల మీద వద్దు.

డిపార్టుమెంటు నిలిచింది. ఎనిమిది మంది పేర్లతో రిజిస్ట్రారు నుంచి కాగితం వచ్చింది. ప్రమీల సీమోను ఇంట్లో ఉంటోంది. సీమోను భార్య మార్తమ్మ దాన్ని ఒంటరిగా గేటు దాటనివ్వదు. నువ్వే నయమని ప్రమీల అంటోంది.

పర్శరాములు

ఎల్లారెడ్డి,
15 ఆగస్టు 1979.

జనాబ్ పర్శరాములు సారుకు తాజుద్దీన్ సలాం. శాంతవ్వ చెప్పినది ఈ కింద రాస్తున్నాను. తిట్లు కొన్ని తగ్గించాను.

తమ్మీ,

నీ మీద కోపం పోలే. పోతదని గూడ అనుకోకు.

నేను ఊరంత లడ్డూలు పంచిన. గా నోటితోటే లేదని ఎట్ల చెప్పాలె? బస్సు దిగంగనే మంగవ్వ ఎదురొచ్చి ముహూర్తం ఎప్పుడని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఏమన్ననో ఎరికేనా? "నా బిడ్డ పెద్ద చదువుకు పోయింది, లడ్డూలు గందుకే" అన్న. ఆమె మరి చీర ఎందుకు కొన్నవని అడిగింది. కాలేజికి కట్టుకొని పోను అన్న. ఇగ ఆ చీర పంపుతున్న, కట్టుకోమను. నా మాట అబద్ధం కావద్దు.

(ఇక్కడ ఆమె పొయ్యి మీద కూర ఉందని లేచి పోయింది. నేను ఒక చాయ్ తాగాను. — తాజుద్దీన్)

ఒక సంగతి అడుగుతున్న. ఆ కాగితం మీద దస్కత్ పెట్టేటప్పుడు పిల్లను చూసిన. నా ఉత్తరాలు రాసేటప్పుడు గోడకు ఆనుకొని, ఆవులించుకుంట రాసేది. ఆడ నిటారుగ కూసొని రాసింది. నా దిక్కు చూడనే లేదు. నేను ఊర్లె ఇల్లిల్లు తిరిగి మంది పిల్లలను బతిమాలుకున్న, ఇంటికొస్తె తలుపు తీసింది నా బిడ్డనే, నీళ్లు ఇచ్చింది నా బిడ్డనే. ఒక్కసారి గూడ దాన్ని అడుగలే. అది నన్ను అడిగితే ఏమంటుంటినో గూడ నాకు ఎరుకే. వద్దంటుంటి. గది తల్సుకుంటె నీ మీది కోపం జెర నా మీదికి మళ్లుతున్నది. నాకు అది ఇష్టం లేదు. నీ మీదనే ఉండనీ.

దానికి చెప్పు, ఉత్తరం రాయమను. నాకు రాయమను.

శాంతవ్వ

సారు, నాది ఒక విన్నపం. మా ఇంటెనక బోరుకు జాగ చూపెట్టాలి. ఘనీ కంటే ముందు. — తాజుద్దీన్

కామారెడ్డి,
22 ఆగస్టు 1979.

అవ్వకు, బాపుకు,

తాజుద్దీన్ చాచా, మీకు సలాం. ఇది మీరు కొంచెం నెమ్మదిగా చదవాలి.

అవ్వా, పొద్దున్నుంచి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిదో తరగతి నుంచి నీ ఉత్తరాలు రాస్తున్నాను, హాస్టల్లో ఉన్నప్పుడు కూడా వారం వారం ఇంటికి వచ్చి రాశాను, ఎప్పుడూ ఆగలేదు. నువ్వు చెప్పేదానివి, నేను రాసేదాన్ని. ఇప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నా పేరుతో నేను నీకు రాయడం ఇదే మొదలు.

నిన్ను మోసం చేశాను. బస్సులో నువ్వు నా కొంగు సర్దుతూ మురిసిపోతుంటే రెండుసార్లు నిజం చెప్పబోయాను. చెప్పలేదు. చెప్పి ఉంటే ఇప్పుడు ఇక్కడ ఉండను. తప్పే అవ్వా, కాని మళ్లీ అదే బస్సు ఎక్కితే మళ్లీ చెప్పను.

చీర కట్టుకున్నాను. దాని మీద సుత్తి సంచి వేసుకుని గుట్టకు పోయాం. అంచు చిరిగింది, తిట్టుకో. రాయిని ఎక్కడ పడితే అక్కడ కొడితే పగలదు, తిప్పి చూసి పలచటి అంచు మీద కొట్టాలి. జుక్కల్ అబ్బాయి మూడు భాషల్లో కొట్టి వేలు నలగ్గొట్టుకున్నాడు. మూడింటిలోనూ ఏడ్చాడు.

మొదటి రోజు క్లాసులో నోరు జారి మామను "మామా" అని పిలిచాను. ఇప్పుడు ఏడుగురూ అట్లాగే పిలుస్తున్నారు. పట్నం ప్రొఫెసరు గారు విని, మామ అనేది ఇక్కడ హోదా అనుకుని, నిన్న ఆయన కూడా "మామ గారెక్కడ" అని సీమోనును అడిగారట.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. రోజూ క్లాసు మొదట్లో హాజరు పిలుస్తారు. నాది చివరి నంబరు. మొదటి రోజు మామ ఏడుగురినీ పిలిచాడు. ఒక్కో పేరునూ నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇన్ని రోజులూ ఆ ఏడు పేర్లూ నేనే రాసి పంపాను కదా, నాది ఎక్కడా రాయలేదు. మామ తల ఎత్తకుండా, "ఎనిమిది, గంగారాం ప్రమీల" అన్నాడు.

"ఉన్నాను సార్" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో ఏమో, గోదాములోంచి ఫిజిక్సు వాళ్లంతా బయటికి వచ్చి చూశారు.

నీ బిడ్డ,
ప్రమీల